ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వర్ ఉన్నట్టుండి బిగుసుకుపోతోంది, పింగ్ మాత్రం టకటకా వస్తోంది

ల్యాబ్_బాబాయ్
మా కాలేజీ ల్యాబ్‌లో 40 సిస్టమ్స్, అన్నీ ఉబుంటు 22.04. పిల్లల హోమ్ ఫోల్డర్లన్నీ ఒక డెబియన్ 12 సర్వర్ మీద ఉంటాయి, ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్క్ మీదుగా వేరే మెషిన్‌లోని ఫోల్డర్లు వాడుకునే పద్ధతి) వెర్షన్ 4తో మౌంట్ చేశాం, అంటే ప్రతి సిస్టమ్‌కీ కలిపాం. ఇన్నాళ్లూ ఏ గొడవా లేకుండా నడిచింది. ఈ సెమిస్టర్ మొదలైన దగ్గర్నుంచి ఉన్నట్టుండి కొన్ని సిస్టమ్స్ బిగుసుకుపోతున్నాయి. మౌస్ కదులుతుంది, ఫైల్ తెరిస్తే అంతే సంగతులు. టెర్మినల్‌లో ఫైళ్ల జాబితా చూపే ఎల్‌ఎస్ కొడితే కర్సర్ మిణుకుమిణుకుమంటూ కూర్చుంటుంది. కాసేపటికి దానంతట అదే బాగవుతుంది. ఒక్కోసారి ఐదు నిమిషాల్లో, ఒక్కోసారి గంటైనా కాదు.

వింతేమిటంటే అన్నీ ఒకేసారి పోవు. ఒక వరుసలో నాలుగు పోతాయి, పక్కవి హాయిగా నడుస్తుంటాయి. సర్వర్ దగ్గరికెళ్లి చూస్తే సీపీయూ ఖాళీ, డిస్క్ ఖాళీ, మెమరీ బోలెడు. బిగుసుకున్న సిస్టమ్ నుంచి సర్వర్‌కి పింగ్ (ఉన్నావా అని అడిగే చిన్న ప్యాకెట్) కొడితే ఒక్క ప్యాకెట్టూ పోకుండా జవాబు వస్తోంది. అంటే నెట్‌వర్క్ బాగున్నట్టే కదా? క్లయింట్ లాగ్‌లో "సర్వర్ నాట్ రెస్పాండింగ్, స్టిల్ ట్రయింగ్" అని, తర్వాత ఎప్పుడో "సర్వర్ ఓకే" అని పడుతోంది.

వచ్చే నెల ఎక్స్‌టర్నల్స్. ప్రిన్సిపాల్ గారు ఎదురుపడితే చాలు ఇదే అడుగుతున్నారు, మహా టెన్షన్‌గా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

సిద్దిపేట_సుడో
సర్వర్‌లో ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వీసు రీస్టార్ట్ చేస్తే సరి. క్రాన్‌లో (టైము ప్రకారం కమాండ్లు నడిపేది) పది నిమిషాలకోసారి రీస్టార్ట్ పడేయండి. మా ఆఫీసులో అదే చేశాం, ఇప్పటిదాకా ఎవడూ కాల్ చేయలేదు.

నైట్‌షిఫ్ట్_నాని
సుడో అన్నా, దణ్ణం పెడతా, ఆ సలహా ఎవరికీ ఇవ్వకు. వెర్షన్ 4లో సర్వీసు రీస్టార్ట్ అయిన ప్రతిసారీ గ్రేస్ పీరియడ్ మొదలవుతుంది. లైనక్స్‌లో అది మామూలుగా 90 సెకన్లు. అంతకుముందు తెరిచి ఉన్న ఫైళ్లు, లాకులు క్లయింట్లు తిరిగి దక్కించుకోవడానికి ఇచ్చే గడువన్నమాట. ఆ గడువు నడుస్తున్నంతసేపూ కొత్తగా ఫైల్ తెరుస్తామంటే ఆగమంటుంది. పది నిమిషాలకోసారి రీస్టార్ట్ అంటే, జబ్బు ఉన్నా లేకపోయినా ప్రతి పది నిమిషాల్లో ఒకటిన్నర నిమిషం దాకా నువ్వే ల్యాబ్ మొత్తాన్ని ఆపేస్తున్నట్టు.

సిద్దిపేట_సుడో
మరి మావాళ్లు కాల్ చేయట్లేదెందుకు?

గుంటూరు_గ్రెప్
విసిగిపోయి అందరూ పెన్‌డ్రైవ్‌లు కొనుక్కున్నారేమో, ఒకసారి డెస్కుల చుట్టూ తిరిగి రా.

కొత్త_పెంగ్విన్
ఎఫ్‌స్టాబ్‌లో (మౌంట్ల సెట్టింగులుండే ఫైల్) హార్డ్ బదులు సాఫ్ట్ అని పెడితే హ్యాంగ్ అవ్వదని ఒక వీడియోలో చూశాను. బాబాయ్ గారూ, అది ట్రై చేశారా?

పాత_సోలారిస్
చెయ్యకండి. సాఫ్ట్ పెడితే హ్యాంగ్ అవ్వదు, నిజమే. దాని బదులు కొంతసేపు చూసి, సగం రాసిన ఫైల్‌ని అలాగే వదిలేసి ప్రోగ్రామ్‌కి ఎర్రర్ ఇస్తుంది. ఆ ఎర్రర్‌ని పట్టించుకునే ప్రోగ్రాములు ఎన్ని ఉన్నాయి చెప్పండి? పిల్లాడు సేవ్ అయిందనుకుని లాగౌట్ అవుతాడు, మర్నాడు తెరిస్తే సున్నా బైట్లు. అప్పుడు మీ ల్యాబ్‌లో నెట్‌వర్క్ సమస్య ఉండదు, తల్లిదండ్రుల సమస్య ఉంటుంది.

సన్ మైక్రోసిస్టమ్స్ వాళ్లు 1984లో ఎన్‌ఎఫ్‌ఎస్ తెచ్చినప్పటి ఆలోచనే అది. సర్వర్ పడిపోతే క్లయింట్ ఓపిగ్గా అడుగుతూనే ఉండాలి, సర్వర్ లేచాక ఏమీ జరగనట్టు పని సాగిపోవాలి. మీకు చిరాకు తెప్పిస్తున్న ఆ ఎదురుచూపే పిల్లల ఫైళ్లను కాపాడుతోంది. హోమ్ ఫోల్డర్లకి హార్డ్ మౌంటే ఉండనివ్వండి.

ఇప్పుడు అసలు సంగతి. మీరు రాసినదాంట్లో నాకు నచ్చని వాక్యం "పింగ్ వస్తోంది, అంటే నెట్‌వర్క్ బాగున్నట్టే" అన్నది. పింగ్‌కి జవాబిచ్చేది కెర్నల్ (సిస్టమ్ లోపలి మూలభాగం), ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వీసు కాదు. కాబట్టి ఈసారి బిగుసుకున్నప్పుడు ఆ సిస్టమ్ నుంచే సర్వర్‌లో ఎన్‌ఎఫ్‌ఎస్ వినే 2049 పోర్టుకి ఎన్‌సీ (ఒక పోర్టు పలుకుతోందో లేదో చూసే కమాండ్) కొట్టి చూడండి. వెర్షన్ 4కి ఆ ఒక్క పోర్టు చాలు, వెర్షన్ 3లా మౌంట్‌డీకొకటి, లాకులకొకటి ఉండవు. అదే నిమిషంలో పక్కనున్న మంచి సిస్టమ్ నుంచి కూడా కొట్టండి. రెండూ రాసి పెట్టండి. పీఎస్‌లో (నడుస్తున్న ప్రోగ్రాముల జాబితా) ఏ ప్రాసెస్‌లు డీ స్టేట్‌లో (డిస్క్ కోసమో నెట్‌వర్క్ కోసమో కదలకుండా ఆగిన స్థితి) ఉన్నాయో కూడా చూడండి.

డల్లాస్_డీమన్
ఇంత హంగామా అక్కర్లేదు. ఎన్‌ఎఫ్‌ఎస్‌డీ థ్రెడ్లు (సర్వర్‌లో రిక్వెస్టులు చూసే పనివాళ్లు) ఎన్ని ఉన్నాయి? డెబియన్ 12లో డిఫాల్ట్ 8. 40 మంది ఒకేసారి లాగిన్ అయి బ్రౌజర్ తెరిస్తే 8 ఏం సరిపోతాయి? 32 చేసి చూడండి. నేను ఇక్కడ ఒక యూనివర్సిటీలో చేసినప్పుడు అదే తేడా చూశాను.

కర్నూలు_కెర్నల్
డల్లాస్ గారూ, థ్రెడ్లు చాలకపోతే అందరికీ నెమ్మదవుతుంది. బాబాయ్ గారి ల్యాబ్‌లో నలుగురు చచ్చి ముప్పై ఆరుగురు హాయిగా ఉన్నారు. పెంచుకుంటే తప్పు లేదు, కానీ మందు అది కాదు.

నా అనుమానం వేరు. ఆ 40 సిస్టమ్స్ ఒకే ఇమేజ్ నుంచి క్లోన్ చేశారా? వెర్షన్ 4లో క్లయింట్ తనను తాను పరిచయం చేసుకునేది ప్రధానంగా హోస్ట్‌నేమ్‌తోనే. రెండు సిస్టమ్స్‌కి ఒకే పేరుంటే సర్వర్ రెండిటినీ ఒకటే అనుకుంటుంది. ఒకటి లీజు (సర్వర్ ఇచ్చే తాత్కాలిక హక్కు) తీసుకోగానే రెండోదాని లీజు చెల్లకుండా పోతుంది, ఇద్దరూ కొట్టుకుంటూ ఉంటారు. క్లోన్ చేసిన ల్యాబుల్లో ఇది మామూలు జబ్బు.

ఇంకోటి, మెషిన్ ఐడీ ఫైల్ కూడా క్లోన్ అయిపోయి ఉంటే కొన్ని సెటప్పుల్లో డీహెచ్‌సీపీ (ఐపీ అడ్రస్‌లు పంచే సర్వీసు) రెండిటికీ ఒకే అడ్రస్ ఇస్తుంది. అదీ చూడండి.

ల్యాబ్_బాబాయ్
కర్నూలు గారు అన్నట్టు క్లోన్ చేసినవే. చూస్తే మూడో వరుసలో రెండిటికి ఒకే పేరుంది. మార్చాను. మెషిన్ ఐడీలు వేరువేరుగానే ఉన్నాయి. థ్రెడ్లు కూడా 32 చేశాను. ఇవాళ మధ్యాహ్నం మళ్లీ ఆరు సిస్టమ్స్ బిగుసుకున్నాయి, ఆ రెండూ వాటిలో లేవు.

ఈసారి సోలారిస్ గారు చెప్పినవి చూశాను. బిగుసుకున్న సిస్టమ్‌లో బ్రౌజర్, ఫైల్ మేనేజర్, ఎడిటర్, నేను కొట్టిన ఎల్‌ఎస్, అన్నీ డీ స్టేట్. లోడ్ యావరేజ్ 23 దాటింది, టాప్‌లో చూస్తే సీపీయూ మాత్రం అసలు వాడట్లేదు. బలవంతంగా ఆపే కిల్ మైనస్ 9 కొడితే కొన్ని పోయాయి, కొన్ని చలించలేదు.

2049కి ఎన్‌సీ కొడితే బిగుసుకున్నదాంట్లో వెంటనే "కనెక్షన్ రెఫ్యూజ్డ్". పక్క సిస్టమ్‌లో అదే నిమిషంలో "సక్సీడెడ్". పింగ్ రెండిట్లోనూ వస్తోంది. ఇదెలా సాధ్యం?

కర్నూలు_కెర్నల్
లోడ్ చూసి భయపడకండి. లైనక్స్‌లో లోడ్ యావరేజ్ అంటే పరిగెత్తేవాళ్లతో పాటు డీ స్టేట్‌లో ఎదురుచూసేవాళ్లు కూడా లెక్కే. ఇరవై మంది క్యూలో నిలబడితే 20 చూపిస్తుంది, కౌంటర్లో పని జరగకపోయినా.

రెఫ్యూజ్డ్ మాత్రం ఆసక్తిగా ఉంది. సర్వర్‌లో ఫైర్‌వాల్ రూల్ ఏమైనా ఉందా? ఫెయిల్‌టుబ్యాన్ లాంటిది కొందరి ఐపీలు బ్లాక్ చేస్తోందా?

నైట్‌షిఫ్ట్_నాని
ఫైర్‌వాల్ అయితే మామూలుగా డ్రాప్ చేసి ఊరుకుంటుంది, టైమౌట్ వస్తుంది. వెంటనే రెఫ్యూజ్డ్ అంటే చాలాసార్లు "ఇక్కడ ఆ పోర్టులో ఎవరూ లేరు" అని ఎవరో రీసెట్ పంపుతున్నారు.

బాబాయ్, సర్వర్‌లో టీసీపీడంప్ (వచ్చిపోయే ప్యాకెట్లు చూపేది) పెట్టి, బిగుసుకున్న ఆ సిస్టమ్ ఐపీ నుంచి ప్యాకెట్లు అసలు వస్తున్నాయో లేదో చూడు. ఇంకో విషయం, లాగ్‌లో పడిన టైము జబ్బు మొదలైన టైము కాదు. టీసీపీ మౌంట్‌లో టైమియో (జవాబు కోసం ఆగే సమయం) డిఫాల్ట్ 600. అది సెకన్లు కాదు, సెకనులో పదో వంతులు, అంటే 60 సెకన్లు. రీట్రాన్స్, అంటే మళ్లీ అడిగే సార్లు, 2. మొత్తం కలిపితే సుమారు మూడు నిమిషాలు చూశాక గానీ "నాట్ రెస్పాండింగ్" అని రాయదు. కాబట్టి లాగ్‌లో ఉన్న టైము లోంచి మూడు నిమిషాలు తీసేసి, ఆ వేళకి కాలేజీలో ఏం జరిగిందో చూడు.

సిద్దిపేట_సుడో
ఇదంతా చేసేలోపు క్రాన్ రెండు నిమిషాల పని.

గుంటూరు_గ్రెప్
నువ్వు ఆగు సామీ.

ల్యాబ్_బాబాయ్
నాని చెప్పిన లెక్క వేశాను. లాగ్‌లో 11:42 అంటే అసలు 11:39. ఇంకోటి 2:17, అంటే 2:14. మా అటెండర్ జనరేటర్ రిజిస్టర్ రాస్తాడు, డీజిల్ లెక్క కోసం. ఎప్పుడు ఆన్, ఎప్పుడు ఆఫ్ అన్నీ ఉంటాయి అందులో. తెప్పించి చూస్తే కరెంటు పోవడమో, జనరేటర్ ఆపి లైన్ మార్చడమో జరిగిన వేళలే. ప్రతి ఒక్కటీ సరిపోయింది. వేసవి కదా, ఈ మధ్య కోతలు ఎక్కువయ్యాయి.

కానీ సర్వర్‌కి యూపీఎస్ ఉంది. ల్యాబ్ సిస్టమ్స్‌కి, ల్యాబ్ స్విచ్‌లకి కూడా. అవి ఒక్క క్షణం కూడా ఆగట్లేదు. అప్‌టైమ్ చూశాను.

టీసీపీడంప్ ఇంకా పెట్టలేదు.

డల్లాస్_డీమన్
అయితే స్విచ్‌లే. మెయిన్ స్విచ్ ఎక్కడుంది? అది రీబూట్ అయితే స్పానింగ్ ట్రీ (నెట్‌వర్క్‌లో లూపులు రాకుండా చూసేది) లిజనింగ్ 15 సెకన్లు, లెర్నింగ్ 15 సెకన్లు, ఆ అర నిమిషం పోర్టు ఏమీ పంపదు.

నైట్‌షిఫ్ట్_నాని
అర నిమిషం సరే. గంటసేపు ఎందుకు? పైగా సర్వర్, సిస్టమ్స్ అన్నీ ల్యాబ్ స్విచ్‌ల మీదే ఉన్నాయి, అవి యూపీఎస్ మీద ఉన్నాయి అంటున్నాడు.

ఎలుకల_వేట
మా దగ్గర ఇలాగే అయితే ఫాల్స్ సీలింగ్‌లో ఎలుక కేబుల్ కొరికింది. పైకెక్కి చూశారా?

పాత_సోలారిస్
ఎలుక కొరికితే పింగ్ రాదు. కొరికిన ఎలుక జవాబిస్తే తప్ప.

బీఎస్‌డీ_భీమవరం
మీరంతా గుమ్మం ముందు నిలబడి లోపలికి వెళ్లట్లేదు. బాబాయ్ గారూ, బిగుసుకున్న సిస్టమ్‌లో ఐపీ నైబర్ కమాండ్ కొట్టి సర్వర్ ఐపీకి ఎదురుగా ఏ మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డుకి ఉండే సొంత నంబర్) ఉందో చూడండి. మంచి సిస్టమ్‌లో కూడా. తర్వాత సర్వర్ కార్డు అసలు మ్యాక్ ఏదో చూడండి. ఇంతే, రూపాయి ఖర్చు లేదు.

ల్యాబ్_బాబాయ్
ఇప్పుడే చూశాను, అదృష్టవశాత్తూ రెండు సిస్టమ్స్ బిగుసుకునే ఉన్నాయి.

సర్వర్ ఐపీ 192.168.1.201. సర్వర్ కార్డు మ్యాక్ చివర 71. మంచి సిస్టమ్స్‌లో 71తో ముగిసేదే ఉంది. బిగుసుకున్న రెండిట్లో చివర 09! పూర్తిగా వేరే నంబర్, మొదటి సగం కూడా కలవదు.

టీసీపీడంప్ కూడా పెట్టాను. బిగుసుకున్న సిస్టమ్ నుంచి సర్వర్‌కి ఒక్క ప్యాకెట్ కూడా రావట్లేదు. అక్కడ మాత్రం పింగ్‌కి జవాబులు వస్తూనే ఉన్నాయి.

గుంటూరు_గ్రెప్
దెయ్యం దొరికింది.

నైట్‌షిఫ్ట్_నాని
అబ్బ! సర్వర్‌కి ప్యాకెట్ చేరలేదు, క్లయింట్‌కి జవాబు వచ్చింది. ఇన్నాళ్లూ పింగ్‌కి పలికింది సర్వరే కాదు.

బీఎస్‌డీ_భీమవరం
అదే. మీ నెట్‌వర్క్‌లో ఇంకెవరో 192.168.1.201 పెట్టుకుని కూర్చున్నారు.

జరుగుతున్నది ఇది. ఒక ఐపీ ఎవరిదో తెలుసుకోవడానికి మెషిన్లు ఏఆర్‌పీ వాడతాయి. 1982 నాటి ప్రోటోకాల్, ఎవరు జవాబిస్తే వాళ్లని నమ్మేస్తుంది, గుర్తింపు కార్డు అడగదు. ఏ పరికరమైనా ఆన్ అయినప్పుడు "ఈ ఐపీ నాది, నా మ్యాక్ ఇది" అని అడగకుండానే అందరికీ చాటడం మామూలు. అది వినగానే మీ క్లయింట్లు సర్వర్ మ్యాక్‌ని చెరిపేసి 09ని రాసుకుంటాయి. తర్వాత ఎన్‌ఎఫ్‌ఎస్ ప్యాకెట్లన్నీ ఆ 09కి వెళతాయి. దాంట్లో 2049 పోర్టు లేదు, రీసెట్ కొడుతుంది. పింగ్‌కి మాత్రం ఎవరైనా జవాబిస్తారు.

దానంతట అదే ఎందుకు బాగవుతోందంటారా, సర్వర్ కూడా అప్పుడప్పుడూ క్లయింట్ల మ్యాక్ అడుగుతూ ఉంటుంది. ఆ ప్రశ్నలోనే తన మ్యాక్ ఉంటుంది, అది చూసి క్లయింట్ మళ్లీ 71 రాసుకుంటుంది. ఎవరిని ముందు అడిగితే వాళ్లు ముందు బతుకుతారు. అందుకే నలుగురు పోయి పక్కవాళ్లు ఉంటున్నారు. ఇరుక్కున్న క్లయింట్ "నువ్వు ఇంకా ఉన్నావా" అని 09నే అడుగుతుంది, అది ఉన్నానంటుంది. అందుకే గంటలు పడుతోంది.

ఇక కరెంటుతో లింకు. ఆ 09కి యూపీఎస్ లేదు. కోత పడిన ప్రతిసారీ రీబూట్ అయి మళ్లీ చాటుతోంది.

ఒక్క మాట అనకుండా ఉండలేను. మీ సర్వర్ ఫ్రీబీఎస్‌డీ అయి ఉంటే మొదటి రోజే "ఫలానా మ్యాక్ నా ఐపీ వాడుతోంది" అని కన్సోల్ మీద అరిచి ఉండేది.

కర్నూలు_కెర్నల్
వచ్చింది ప్రకటన. సరే, ఈ ఒక్క విషయంలో ఒప్పుకుంటాను. లైనక్స్ కెర్నల్ చేతితో పెట్టిన ఐపీకి గొడవ ఉందా లేదా అని తనంతట తాను చూడదు. 2008లో ఆర్‌ఎఫ్‌సీ 5227 (ఇంటర్నెట్ ప్రమాణ పత్రం) దీనికోసమే వచ్చింది, అడ్రస్ వాడేముందు "ఇది ఎవరిదైనా ఉందా" అని అడిగి చూడాలని. నెట్‌వర్క్‌మేనేజర్‌లో, సిస్టమ్‌డీ నెట్‌వర్క్‌డీలో ఆ సదుపాయం ఉంది, ఆన్‌లో ఉందో లేదో చూసుకోవాలి. లేదంటే ఆర్ప్‌వాచ్ వేసుకుంటే ఇలా రెండు మ్యాక్‌ల మధ్య ఊగిసలాడినప్పుడు "ఫ్లిప్ ఫ్లాప్" అని మెయిల్ కొడుతుంది.

కొత్త_పెంగ్విన్
విండోస్‌లో ఐపీ కాన్‌ఫ్లిక్ట్ అని పాప్‌అప్ వస్తుంది కదా, అదేనా ఇది?

కర్నూలు_కెర్నల్
అదే తమ్ముడూ.

పాత_సోలారిస్
మ్యాక్‌లో మొదటి మూడు బైట్లు తయారీదారుకి కేటాయించినవి. ఆ మూడూ వెతికితే 09 ఏ జాతిదో తెలుస్తుంది. ఖాయం చేసుకోవడానికి ఇంకా మొరటు పద్ధతి ఒకటుంది. సాయంత్రం ల్యాబ్ ఖాళీ అయ్యాక సర్వర్ నెట్‌వర్క్ కేబుల్ పీకేసి ఆ ఐపీకి పింగ్ కొట్టండి.

మాకు ఒకచోట సీసీటీవీ డీవీఆర్ ఇలా చేసింది. దాన్ని పట్టుకోవడానికి బిల్డింగ్ అంతా తిరగాల్సి వచ్చింది, చివరికి సెక్యూరిటీ గదిలో టీ ఫ్లాస్కు వెనక దొరికింది.

ల్యాబ్_బాబాయ్
కేబుల్ పీకాను. సర్వర్ వెనక లింకు లైటు ఆరిపోయింది. పింగ్ ఆగలేదు. నిజం చెప్తున్నా, చేతిలో కేబుల్ పట్టుకుని స్క్రీన్ చూస్తుంటే ఒళ్లు జలదరించింది. జవాబు వచ్చే టైము మాత్రం మారింది. ఇంతకుముందు 0.2 మిల్లీసెకన్లు ఉండేది, ఇప్పుడు 2 దాకా పోతోంది. మొదటి నుంచీ అది చూసుంటే సరిపోయేది.

ఆ మ్యాక్ తయారీదారు పేరు నేనెప్పుడూ వినలేదు. ఊరికే బ్రౌజర్‌లో ఆ ఐపీ కొట్టి చూశాను. లాగిన్ పేజీ వచ్చింది, పైన వేలిముద్ర బొమ్మ.

గుంటూరు_గ్రెప్
హహ్హహ్హా, థంబ్ మెషిన్!

నైట్‌షిఫ్ట్_నాని
అటెండెన్స్ మెషిన్ మీ పిల్లల ఫైళ్లు మోస్తోందన్నమాట.

ల్యాబ్_బాబాయ్
ఈ సెమిస్టర్ మొదట్లోనే ఆఫీసు గుమ్మం దగ్గర పెట్టారు. కాలేజీ మొత్తం ఒకే నెట్‌వర్క్ కాబట్టి ల్యాబ్‌లోకి కూడా వచ్చేసింది. బిగించడానికి వచ్చినతను ఫ్యాక్టరీ అడ్రస్ అలాగే వదిలేసి వెళ్లాడట.

ఇంకా తమాషా వినండి. ఆఫీసులో క్లర్క్ మేడమ్‌ని అడిగితే ఆవిడ నా మీదే మండిపడ్డారు. "మెషిన్ నుంచి పంచ్‌లు డౌన్‌లోడ్ చేయబోతే సగం సార్లు కనెక్ట్ అవ్వట్లేదు, మీ ల్యాబ్ నెట్‌వర్క్ వల్లే అని మెషిన్ వాళ్లు చెప్పారు" అని. ఫిజిక్స్ సార్‌కి రోజూ వస్తున్నా ఆబ్సెంట్ పడుతోందట.

బీఎస్‌డీ_భీమవరం
మెషిన్ వాళ్లు చెప్పింది కూడా నిజమే మరి. ఆఫీసు పీసీ ఏఆర్‌పీ టేబుల్‌లో 71 పడినప్పుడు ఆవిడ అడిగే పంచ్‌లు మీ డెబియన్ దగ్గరికి వస్తున్నాయి. ఇద్దరి ఫిర్యాదూ ఒకటే, గదులు వేరు.

ఎలుకల_వేట
కొన్ని కంపెనీల థంబ్ మెషిన్లు డబ్బాలోంచి 192.168.1.201తోనే వస్తాయి. మా బంధువుల హాస్పిటల్‌లో రెండు మెషిన్లు ఒకేసారి బిగిస్తే రెండూ దానిమీదే కొట్టుకున్నాయి. ఇది ముందే తట్టి ఉంటే ఎలుక దాకా వెళ్లేవాణ్ణి కాదు.

సిద్దిపేట_సుడో
ఎక్స్‌టర్నల్స్ దగ్గర పడ్డాయి కాబట్టి 40 సిస్టమ్స్‌లోనూ సర్వర్ మ్యాక్‌ని పర్మనెంట్ ఎంట్రీగా రాసేయండి. ఎవడు ఏం చాటినా మారదు. ఒక చిన్న స్క్రిప్ట్ చాలు.

కర్నూలు_కెర్నల్
ఈసారి సుడో చెప్పింది పనికొచ్చే మాటే, పరీక్ష రోజు వరకు. కానీ రేపు సర్వర్ కార్డు కాలిపోయి మారిస్తే 40 సిస్టమ్స్ ఒకేసారి పోతాయి, ఎందుకో అప్పటికి ఎవరికీ గుర్తుండదు. మెషిన్ ఐపీ మార్చడమే మందు.

డల్లాస్_డీమన్
నన్నడిగితే రెండూ కాదు. ల్యాబ్‌ని, ఆఫీసుని వేరు వీల్యాన్‌లలో (ఒకే స్విచ్ మీద విడదీసిన నెట్‌వర్క్‌లు) పెట్టండి. థంబ్ మెషిన్, కెమెరాలు, ప్రింటర్లు పిల్లల హోమ్ ఫోల్డర్లున్న నెట్‌వర్క్‌లో ఉండడమేంటసలు?

పాత_సోలారిస్
డల్లాస్ గారి మాట సరైనదే, కానీ బాబాయ్ గారి కాలేజీలో దానికి కావాల్సిన మేనేజ్డ్ స్విచ్ కొనడానికి ఎన్ని సంతకాలు కావాలో ఆయన్ని అడగండి.

ల్యాబ్_బాబాయ్
స్విచ్‌కి ఇండెంట్ పెట్టాను. వచ్చే బడ్జెట్‌లో అన్నారు, చూద్దాం.

ఈలోగా మెషిన్ మెనూలోకి వెళ్లి ఐపీని 192.168.1.240కి మార్చాను. మా డీహెచ్‌సీపీ ఇచ్చేది 50 నుంచి 180 వరకే, కాబట్టి దాంట్లోకి పోదు. మార్చేముందు 240కి ఆర్పింగ్ (పింగ్ బదులు ఏఆర్‌పీతో అడిగేది) కొట్టి ఎవరూ లేరని చూసుకున్నాను. పింగ్‌ని నమ్మలేదు, కొన్ని పరికరాలు పింగ్‌కి పలకవు కదా. మెషిన్ అడ్మిన్ పాస్‌వర్డ్ ఎవరికీ తెలియదు, బిగించినతనికి ఫోన్ చేసి అరగంట బతిమాలాల్సి వచ్చింది. ఆఫీసు పీసీలో అటెండెన్స్ సాఫ్ట్‌వేర్‌కి కొత్త ఐపీ ఇచ్చాను. పంచ్‌లన్నీ మెషిన్ మెమరీలోనే ఉన్నాయి, ఒక్కసారిగా డౌన్‌లోడ్ అయ్యాయి. ఫిజిక్స్ సార్ మళ్లీ ఉద్యోగంలో చేరారు.

తర్వాత కోత పడేదాకా ఆగకుండా మెషిన్ ప్లగ్ నేనే పీకి పెట్టాను. ల్యాబ్‌లో ఒక్క సిస్టమ్ కూడా ఆగలేదు. 201కి ఆర్పింగ్ కొడితే 71 ఒక్కటే పలుకుతోంది. సర్వర్‌లో ఆర్ప్‌వాచ్ కూడా వేశాను.

కొత్త_పెంగ్విన్
ఆర్పింగ్‌లో డూప్లికేట్ చూసే ఆప్షన్ వేరే ఉందా, ఊరికే కొడితే చాలా?

నైట్‌షిఫ్ట్_నాని
సర్వర్ నుంచి కాకుండా అదే నెట్‌వర్క్‌లో మూడో సిస్టమ్ నుంచి ఊరికే కొట్టు. జవాబుల్లో మ్యాక్‌లు కనపడతాయి, రెండు రకాలు కనపడితే గొడవ ఉన్నట్టు. పెద్ద డీ ఆప్షన్ అడ్రస్ పెట్టుకునేముందు ఖాళీగా ఉందో లేదో చూడటానికి.

గుంటూరు_గ్రెప్
బాబాయ్, జనరేటర్ రిజిస్టర్ రాసే అటెండర్‌కి టీ ఇప్పించు. ఈ థ్రెడ్‌లో సగం పని ఆయనదే.

ల్యాబ్_బాబాయ్
ఇప్పించాను. ఆ రిజిస్టర్ ఇన్నేళ్లలో మొదటిసారి ఎవరో చదివారని చెప్పాడు.

సిద్దిపేట_సుడో
మా ఆఫీసు సర్వర్‌కి ఆర్పింగ్ కొట్టాను. ఒక్క మ్యాకే వస్తోంది. ఇది మా జబ్బు కాదు. క్రాన్ తీసేసి చూస్తే గంటలోపే ముగ్గురు ఫోన్ చేశారు.

నైట్‌షిఫ్ట్_నాని
వేరే థ్రెడ్ తెరువు అన్నా. క్లయింట్ లాగ్, మౌంట్ ఆప్షన్లు, 2049కి ఎన్‌సీ ఏం చెప్పిందో పట్టుకుని రా. క్రాన్ ఆపే ఉంచు.

సిద్దిపేట_సుడో
రాత్రికి పెడతా. ఫోన్లు మాత్రం నీ నంబర్‌కి డైవర్ట్ చేస్తున్నా.